గడీ కూలితే ఎవరికి నష్టం?

పసుపు కొందరిది అమ్ముడుపోయింది, కొందరిది ఇంకా ఇంట్లోనే ఉంది. ధర సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం. మిరుగు వచ్చేదాక మన రైతులకు కొన్ని దినాలు ఖాళీ దొరుకుతది. ఈ ఖాళీలో కొందరు తిరుపతి పోతరు, కొందరు షిర్డీ పోతరు. పిల్లలైతే ఫోన్లలో రాజస్థాన్ కోటలు, ఇంగ్లండు రాజభవనాలు చూసి మస్తుగున్నయి అంటరు. మంచిదే, చూడనీయండి. కానీ ఆర్మూర్ నుంచి బండి తీస్తే పొద్దున పోయి మాపటికి తిరిగొచ్చే దూరంలో కోటలు ఉన్నయి, గడీలు ఉన్నయి, ఏడెనిమిది వందల ఏండ్ల గుళ్లు ఉన్నయి. వాటిని చూడండి అని చెప్పడానికే ఈ రాత. ఎట్ల చూడాలో కూడా నాకు తోచింది చెప్త.

పోయేటప్పుడు మూడు ప్రశ్నలు వెంట తీసుకపోండి. ఈ గోడకు రాయి మోసింది ఎవరు? ఈ కొట్లో నిండిన ధాన్యం ఎవరిది? ఈ బావిలో నీళ్లు తోడింది ఎవరు? రాజు పేరు, యుద్ధం తేదీ బోర్డు మీద దొరుకుతయి. ఈ మూడింటికి జవాబు బోర్డు మీద ఉండదు, మనమే వెతుక్కోవాలె.

ముందు ఏది ఏమిటో చూద్దాం. ఖిల్లా అంటే సైన్యం ఉండే కోట. గుట్ట మీదనో, చుట్టూ కందకం తవ్వో కడతరు. గడీ అంటే దొర ఉండే ఇల్లు. చూడటానికి చిన్న కోట లెక్క ఉంటది, కానీ అది యుద్ధం కోసం కట్టింది కాదు, పెత్తనం కోసం కట్టింది. బురుజు అంటే ఊరి నడుమనో, ఊరి అంచునో ఒంటరిగా నిలబడ్డ గుండ్రటి కట్టడం. పిండారీలు, రోహిల్లాల లాంటి దోపిడి ముఠాలు తిరిగిన కాలంలో ఊరి కావలికి అది పనికొచ్చింది. మన జిల్లాలో ఇవి మూడూ ఉన్నయి. మూడింటినీ ఒక్క తీరుగా చూడొద్దు.

దగ్గరిదాంతో మొదలుపెడదాం. నిజామాబాద్ ఖిల్లా మనకు 30 కిలోమీటర్ల లోపే. ఈ ఊరి పాత పేరు ఇందూరు. రాష్ట్రకూట రాజు ఇంద్రుడి పేరు మీద ఆ పేరు వచ్చిందని చెప్తరు. కోట లోపల రఘునాథాలయం ఉంది, ఖిల్లా రామాలయం అంటరు. శివాజీ గురువు సమర్థ రామదాసు కట్టించిండని జనం నమ్మకం. గుడి చూడండి, గోడలు చూడండి, పైనుంచి ఊరు చూడండి. కానీ అక్కడ ఇంకొకటి కూడా ఉంది. నిజాం కాలంలో ఈ ఖిల్లాను జైలు చేసిండ్రు. నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్యను ఇక్కడ బంధించిండ్రు. కాగితం, కలం లేకుంటే ఆయన బొగ్గుతో జైలు గోడ మీద పద్యాలు రాసిండు. వట్టికోట ఆళ్వారుస్వామి కూడా అదే జైల్లో ఉండె. దాశరథి తర్వాత తన "అగ్నిధార" పుస్తకాన్ని ఆళ్వారుస్వామికే అంకితం ఇచ్చిండు. ఆ ఆళ్వారుస్వామే "ప్రజల మనిషి" నవల రాసిండు, దొరల కింద తెలంగాణ పల్లె ఎట్లుండెనో అందులో ఉంటది. గడీ చూడబోయే ముందు ఆ పుస్తకం ఒకసారి చదవండి, కంటికి వేరే కనిపిస్తది.

ఆలోచించండి. రాజు కట్టిన గోడ, నిజాం జైలు గోడ, కవి పద్యం రాసిన గోడ. కట్టడం ఒక్కటే, మూడు కాలాలు మారినయి. ఆ గోడ నిలబడి ఉండబట్టే ఇయ్యాల మనం అక్కడ నిలబడి ఈ మూడు సంగతులూ పిల్లలకు చెప్పగలుగుతున్నం.

అక్కడి నుంచి డిచ్‌పల్లి పోండి. హైదరాబాద్ తొవ్వలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద వస్తది. గుట్టెక్కితే రామాలయం. కాకతీయుల పద్ధతిలో కట్టిన పని, 14వ శతాబ్దం నాటిదని చెప్తరు. గోడల మీద శిల్పాలు చూసి దీన్ని ఇందూరు ఖజురహో అని పిలుస్తరు. ఈ గుడి పని పూర్తి కాలేదు. మీరు జాగ్రత్తగా చూస్తే ఎక్కడ ఉలి ఆగిపోయిందో తెలుస్తది. నాకైతే పూర్తయిన బొమ్మల కన్నా ఆ సగం చెక్కిన రాళ్లే ఎక్కువ చెప్తయి. పని చేసేవాడు ఒకనాడు ఉలి పక్కన పెట్టి లేచిండు, మళ్లీ రాలేదు. రాజ్యం పడిపోతే ముందు ఆగిపోయేది కూలివాడి పనే. కింద చెరువు నడుమ మంటపం ఉంటది, అది కూడా చూసి రండి.

పడమటికి పోతే బోధన్. దాన్ని మనం చక్కెర ఫ్యాక్టరీ ఊరుగానే గుర్తుపెట్టుకున్నం. కానీ బుద్ధుడి కాలంలో దేశంలో చెప్పుకునే 16 మహాజనపదాల్లో దక్షిణాన ఉన్నది ఒక్క అశ్మకమే. దాని రాజధాని పోదన ఈ బోధనేనని చరిత్రకారుల్లో చాలామంది అంటరు. అంటే మనం చెరుకు నాటిన నేల కింద రెండున్నర వేల ఏండ్ల ఊరు ఉంది. అక్కడ దేవల్ మసీదు ఉంది. నక్షత్రం ఆకారంలో కట్టిన పాత గుడి అది. తుగ్లక్‌ల కాలంలో మసీదు అయింది. స్తంభాల మీద జైనుల గుర్తులు ఉన్నయని పాత గెజిటీర్లలోనే రాసిండ్రు. ఇట్లాంటి చోటికి కొట్లాటకు పోవద్దు, చూడటానికి పోవాలె. ఒక్క కట్టడం ఇన్ని మతాల చేతులు మారిందంటే, ఈ నేల మీద ఎంతమంది వచ్చిండ్రో, ఎంతమంది కలిసిండ్రో అర్థమైతది.

ఇంకొంచెం దూరం పోయే ఓపిక ఉంటే జుక్కల్ దిక్కు కౌలాస్ కోట. తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ వినిపించే సరిహద్దు అది. గుట్ట మీద కోట, కింద కౌలాస్ నాలా. 1857 తిరుగుబాటు అంటే ఢిల్లీ, ఝాన్సీ అనుకుంటం. ఆ గాలి ఇక్కడిదాకా వచ్చింది. తెల్లోళ్ల మీద తిరుగుబాటుకు సాయం చేసిండని కౌలాస్ రాజా దీప్ సింగ్‌కు జైలు శిక్ష పడ్డది. మన బడి పుస్తకాల్లో ఆయన పేరు నాకు కనబడలేదు. కోట గోడలు ఉండబట్టి ఆ పేరు ఇంకా ఆ దిక్కు ఊర్లలో వినబడుతది.

ఇగ అసలు సంగతికి వస్త. గడీలు.

ఖిల్లాను చూస్తే మనకు గర్వం వస్తది. గడీని చూస్తే చాలామంది పెద్దమనుషులకు ఇప్పటికీ కడుపులో ఏదో అయితది. మా తాత గడీ ముందటి నుంచి పోవాల్సి వస్తే చెప్పులు విడిచి చేత పట్టుకొని నడిచేవాడట. గడీ దాటినంక మళ్లీ తొడుక్కునేవాడు. ఆ గడీ పేరు, ఆ ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే ప్రతి గడీ ముందట అదే కథ.

ఈ దొరతనం ఎట్ల పుట్టిందో కొంచెం చెప్పుకుందాం. పాత కాలంలో దేశ్‌ముఖులు సర్కారు తరఫున శిస్తు వసూలు చేసే గుత్తేదార్లు. 1860ల్లో సాలార్ జంగ్ ఆ గుత్త పద్ధతి తీసేసి, జిల్లాలు పెట్టి, సర్కారు ఉద్యోగులతోనే శిస్తు వసూలు మొదలుపెట్టిండు. వసూలు పోయినందుకు దేశ్‌ముఖులకు రుసుం కింద ఏటా పైసలు ముట్టేటట్టు చేసిండు. వసూలు పని పోయింది కానీ పెత్తనం పోలేదు. భూమి లెక్కలు వాళ్లకే తెలుసు, సర్వే జరిగేటప్పుడు మంచి భూములు వాళ్ల పేర్ల మీదికే ఎక్కినయి. దున్నేటోడికి తన భూమి ఎవరి పేరు మీద ఎక్కిందో కూడా తెలియదు. పట్టా పాస్‌బుక్కులో ఒక్క గుంట తప్పు పడితే ఆఫీసుల చుట్టూ తిరిగే మనకు ఆ బాధ ఒకరు చెప్పాల్సిన పని లేదు. నల్లగొండ దిక్కు విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలుండెనని పుచ్చలపల్లి సుందరయ్య రాసిండు. హైదరాబాద్ రాజ్యం మొత్తం మీద సుమారు 60 శాతం భూమి దివానీ, 30 శాతం జాగీర్లు, మిగతా 10 శాతం నిజాం సొంతం, దాన్ని సర్ఫేఖాస్ అనేవాళ్లు.

గడీ లోపటికి పోతే వీటన్నిటి గుర్తులు దొరుకుతయి. పెద్ద దర్వాజ ఉంటది, లోపట కచేరి ఉంటది. దొర కూర్చునే అరుగు ఎత్తుగా ఉంటది, రైతు నిలబడే చోటు పల్లంగా ఉంటది. ఆ ఎత్తుపల్లం ఊరికే కట్టింది కాదు. తర్వాత ధాన్యం కొట్లు, గుమ్ములు. పంట పోయిన ఏడు రైతు ఆ గుమ్మి దగ్గరికే పోయి ధాన్యం అడిగేవాడు, దాన్ని నాగు అనేవాళ్లు. ఈ పంటకు ఒక బస్తా తెస్తే వచ్చే పంటకు బస్తన్నర కొలవాలె. అది కొలవలేకపోతే ఇంకో ఏడు, చివరికి భూమి. ఆ గుమ్ములు ఎంత పెద్దగ ఉన్నయో చూస్తే ఊర్లో ఎన్ని కుటుంబాలు భూమి పోగొట్టుకున్నయో అంచనా వేయొచ్చు.

బావి చూడండి. మోట కొట్టినోడు జీతగాడు, మోటబొక్కెన కుట్టి ఇచ్చింది మాదిగలు, దానికి పైసా లేదు. కుండలు కుమ్మరి ఇయ్యాలె, గొర్రెలు గొల్లవాళ్లు ఇయ్యాలె, బట్టలు ఉతకడం, దొరసాని మేనా మోయడం చాకలివాళ్ల వంతు. కాపోడు కూడా తన పొలం కన్నా ముందు దొర పొలం దున్నాలె. దీని పేరే వెట్టి. గోడకు డంగు సున్నం గానుగలో తిప్పింది కూడా వెట్టి చేతులే. ఆ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపిండ్రు కాబట్టి గట్టిగ ఉందని మనం మెచ్చుకుంటం. ఆ చేతుల సంగతి ఎవరూ అడగరు.

అన్ని సంస్థానాలు ఒక్కతీరుగా లేవు, అది కూడా చెప్పాలె. సిర్నపల్లి రాణి జానకీబాయి చెరువులు తవ్వించిందని, ఊర్లు నిలబెట్టిందని మన జిల్లాలో ఇప్పటికీ మంచిగ చెప్పుకుంటరు. జానకంపేట ఊరికి ఆమె పేరే వచ్చిందంటరు. మంచి చేసినోళ్లను మంచి అనాలె. అయినా చెరువు కట్ట మీద మట్టి తట్ట మోసింది మాత్రం రాణి కాదు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. "గడీ అంటే మన అవమానం, దాన్ని కూలగొట్టాలె, ఇంకా చూడబోవుడేంది" అని చాలామంది అంటరు. ఆ కోపం ఉత్తగ వచ్చింది కాదు. కడివెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్యను కాల్చి చంపినంక రైతులు తిరగబడ్డరు. చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దొరకు ఎదురు నిలబడ్డది. ఆ పోరాటంలో చాలా ఊర్ల రైతులు గడీల మీదికి పోయి అప్పు కాగితాలు, భూమి లెక్కలు తగలబెట్టిండ్రు. ఇది మన దగ్గరే జరగలేదు. ఫ్రాన్సు దేశంలో 1789 ఎండాకాలంలో అక్కడి రైతులు కూడా ప్రభువుల భవనాల మీద పడి, తమ మీద పన్నులు రాసుకున్న దస్తావేజులు కాల్చిండ్రు. ఆ ఆగస్టు 4 రాత్రి అక్కడి సభ ప్రభువుల హక్కులు రద్దు చేస్తున్నమని ప్రకటించాల్సి వచ్చింది. మన దగ్గర 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారి చట్టం.

చట్టాలు వచ్చినా గడీ పెత్తనం ఒక్కనాడే పోలేదు. మన పక్కనున్న జగిత్యాలలో 1978 సెప్టెంబరు 7న జైత్రయాత్ర జరిగింది. వేలమంది కూలీలు, రైతులు దొరల మీద గొంతెత్తి నడిచిండ్రు. వెంటనే సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతమని ప్రకటించింది. ఆ తర్వాత దొరలు ఒక్కొక్కరు పట్నం బాట పట్టిండ్రు. గడీలు ఖాళీ అయినయి. ఇయ్యాల మనం చూసే చాలా గడీలకు తాళం పడ్డది, చెట్లు మొలిచింది అప్పటి నుంచే.

ఆనాడు రైతులు కాల్చిన కాగితాల మీద అప్పు ఉండె, అది కాలాలె, కాలింది. కానీ ఇప్పుడు గోడ కూలితే ఏం పోతది? దొరకు ఏం పోదు. దొర వారసులు పట్నంలోనో అమెరికాలోనో ఉన్నరు. వాళ్ల దగ్గర ఫొటోలు ఉన్నయి, కాగితాలు ఉన్నయి, వంశవృక్షం ఉంది. వెట్టి చేసిన మన తాతల దగ్గర ఏముంది? ఫొటో లేదు, కాగితం లేదు, వేలిముద్ర తప్ప సంతకం లేదు. వాళ్లు బతికిండ్రు, ఇంత పని చేసిండ్రు అని చూపించడానికి మిగిలిన ఒక్క సాక్ష్యం ఆ గోడలే. ఆ అరుగు ఎత్తు, ఆ గుమ్మి లోతు, ఆ బావి గిలక మీద మోకు రాసుకుపోయిన గుర్తు. అవి పోతే, ఇంకో ముప్పై ఏండ్లకు "వెట్టి అనేది అంత పెద్దగ లేకుండె" అని ఎవరన్నా అంటే మన మనవళ్లు ఏం చూపిస్తరు? అందుకే నేనంట, గడీని కాపాడాల్సిన అవసరం దొరల కన్నా మనకే ఎక్కువ.

కాపాడితే ఎట్లుంటదో దోమకొండ పోయి చూడండి. కామారెడ్డి దాటినంక వస్తది. కామినేని వంశం సంస్థానం. కోట లోపట కాకతీయుల కాలం నాటి మహాదేవుని గుడి ఉంది, అద్దాల మేడ ఉంది, చుట్టూ కందకం ఉంది. "షట్చక్రవర్తి చరిత్ర" రాసిన కామినేని మల్లారెడ్డి ఈ వంశం కవే. కొన్నేండ్ల కింద దాకా ఇది కూడా శిథిలమే. వంశంవాళ్లు పూనుకొని, పాత పద్ధతిలో సున్నం పనితోనే బాగు చేయించిండ్రు. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డుల్లో దీనికి మెరిట్ అవార్డు వచ్చింది. అదే ఏడు గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి మెట్ల బావులకు కూడా ఆ అవార్డుల్లో చోటు దక్కింది. మన దిక్కు పల్లెటూరి కోట ఒకటి ప్రపంచం కంట్లో పడ్డదంటే సంతోషమే.

నాకు ఒక్కటే కోరిక. ఏ గడీని బాగు చేసినా, రాజు కత్తి పెట్టిన గదితో పాటు ఇంకొక్క గది వెట్టి కోసం ఉండాలె. మోటబొక్కెన, మేనా, నాగు కొలిచిన మానిక, తవ్వ అక్కడ పెట్టాలె. రాయి మోసిన కులాలు, ఊర్ల పేర్లు గోడ మీద రాయాలె. లేకుంటే గడీ అంటే పెండ్లికి ముందు ఫొటోలు దిగే జాగా అని మాత్రమే మిగులుతది.

కానీ చాలా గడీలకు దోమకొండ అదృష్టం లేదు. మూడు తీర్ల నాశనం జరుగుతున్నది. ఒకటి, టేకు దర్వాజలు, దూలాలు, నగిషీ స్తంభాలు పీకి పట్నం వ్యాపారులకు అమ్ముకునుడు. రెండు, రాళ్లు, మట్టి ఎత్తుకపోయి ఇండ్ల పునాదుల్లో పోసుకునుడు. మూడోది అన్నిటికన్నా చెడ్డది, గుప్తనిధుల పిచ్చి. అమాస రాత్రి నిమ్మకాయలు, కోళ్లు పట్టుకపోయి బురుజుల కింద, పాత గుళ్ల గర్భగుడిలో తవ్వుతరు. దొరికేది ఏమీ ఉండదు, వెయ్యేండ్ల రాయి మాత్రం పగులుతది. చట్టం తెలుసుకోండి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో పది రూపాయల విలువకు మించిన పాత నిధి ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలె, దాచుకుంటే శిక్ష. రాష్ట్రంలో 2017 నుంచి వారసత్వ చట్టం కూడా ఉంది. ఊర్లో ఎవరన్నా తవ్వుతున్నరని తెలిస్తే ఫోన్ చేయడానికి భయపడొద్దు.

ఇగ పోయేవాళ్లకు నాలుగు మాటలు. ఎండకాలం కాబట్టి పొద్దున ఆరు గంటలకే బయలుదేరండి, పదకొండు లోపు తిరిగిరండి. నీళ్లు, మొల్క తువ్వాల వెంట పెట్టుకోండి. పాడుబడ్డ గోడల మీదికి ఎక్కొద్దు, పైకప్పు కింద నిలబడొద్దు. వానలు పడ్డంక పొదల్లో పాములుంటయి. గడీ సొంతదార్లది అయితే కావలివాళ్లను అడిగే లోపటికి పోండి. గోడల మీద పేర్లు రాయొద్దు, మీ పిల్లలను కూడా రాయనీయొద్దు. గుడికి, మసీదుకు పోతే అక్కడి పద్ధతి పాటించండి.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంట్లో ముసలివాళ్లు నడవగలిగితే వెంట తీసుకపోండి. వెట్టి కంటితో చూసినోళ్లు ఇప్పుడు ముసలివాళ్లయిండ్రు. ఇంకో పదేండ్లకు వాళ్లలో ఎంతమంది ఉంటరు? గడీ దర్వాజ ముందట కూర్చోబెట్టి, ఫోన్‌లో రికార్డు పెట్టి, ఊరికే అడగండి. "ఇక్కడ ఎవరు కూర్చునేది? నువ్వు ఎక్కడ నిలబడేది? ఏం పని చేసేది?" అని. వాళ్లు చెప్పేది ఏ గెజిటీర్‌లోనూ దొరకదు.

మీ ఊర్లో గడీ ఉందా, బురుజు ఉందా? ఇప్పుడు ఎట్లుంది? దాని గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏం చెప్తరు? కింద రాయండి. ఊరి పేరు తప్పకుండా పెట్టండి. దొరల పేర్లు పెట్టి ఒకరినొకరు తిట్టుకోవద్దు. రాయి మోసినోళ్ల పేర్లు తెలిస్తే మాత్రం రాయండి.